నిస్తంత్రీ గానం – ఒక తాళం కథ

శబ్దం ఆకాశగుణమని మన తార్కికులు నిర్ణయించారు. వారి విచారణ వేరు, మన ప్రసంగం వేరు. అయినా గణనయంత్రంలో దాచుకున్న పాట తీగ ప్రమేయం లేకుండా పక్కగదిలోని స్టీరియోలో పలికినప్పుడల్లా నాకు ఆ మాటే స్ఫురిస్తుంది. ఈ సౌకర్యం నేడు ఎంత సహజమైపోయిందంటే, దానికొక చరిత్ర ఉన్నదనీ, ఆ చరిత్రలో ఒక తాళమూ, ఆ తాళంచెవి కోసం ఏడేళ్ళ నిరీక్షణా ఉన్నాయనీ తోచదు. ఆ వృత్తాంతమే ఈ టపా.

ముందుగా సమస్య ఏమిటో చెప్పాలి. సీడీ మీద సంగీతాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో, రెండు పాయలుగా నమోదు చేస్తారు. అంటే ఒక్క సెకను పాటకు 14,11,200 బిట్లు. 1990ల చివర ప్రచారంలోకి వచ్చిన ఎంపీ3 పద్ధతి, చెవికి పట్టుబడని అంశాలను విడిచిపెట్టి, దానిని 1,28,000 బిట్లకు, అనగా పదకొండవ వంతుకు కుదించింది. దానితో వందల పాటలు గణనయంత్రంలో ఇమిడాయి. కానీ ఆ యంత్రం ఉండేది చదువుగదిలో; మంచి యాంప్లిఫయరూ, నిలువెత్తు స్పీకర్లూ ఉండేది ముందుగదిలో. నడుమ గడప మీదుగా తీగ లాగవలసిందే. ఆ తీగ తట్టుకొని పడబోయిన ఇల్లాలి దీవెనలు అందుకోని సంగీతప్రియుడు ఆ రోజుల్లో అరుదు.

తీగకు బదులు గాలి తోవ అప్పటికే సిద్ధమవుతూ ఉంది. 1985లో అమెరికా ప్రభుత్వం కొన్ని పౌనఃపున్యాల పట్టీలను లైసెన్సు లేకుండా సమాచార ప్రసారానికి వాడుకోవచ్చునని ప్రకటించింది. వాటిలో మైక్రోవేవ్ పొయ్యిలు వాడుకొనే పట్టీ కూడా ఒకటి. 1999లో ఆ పట్టీలోనే సెకనుకు కోటి పది లక్షల బిట్లు మోయగల వైఫై ప్రమాణం, 2003లో దానికి అయిదు రెట్లదీ వెలువడ్డాయి. మన దేశంలోనూ 2005 జనవరి నాటి నిబంధనలు ఆ పట్టీలో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు అక్కరలేదన్నాయి. పాటకు కావలసినదానికన్నా దారి విశాలంగానే ఉంది.

ఆ దారిన ఇద్దరు రెండు విధాలుగా నడిచారు.

మొదటిది కాలిఫోర్నియాలోని స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ. 2001లో తీగతో పనిచేసే స్లింప్3 అనే పెట్టెను, 2003లో వైఫై గల స్క్వీజ్‌బాక్స్‌ను తెచ్చింది. గణనయంత్రంలో ఉండి పాటలు పంపే ప్రోగ్రాము మూలాన్ని వారు అందరికీ తెరిచి ఉంచారు. చదువదలచినవారు చదువుకోవచ్చు, దిద్దదలచినవారు దిద్దుకోవచ్చు.

రెండవది ఆపిల్ సంస్థ. 2004 జూన్‌లో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అనే చిన్న తెల్లపెట్టెను ప్రకటించింది. గోడ ప్లగ్గులో గుచ్చి, స్టీరియోకు కలిపితే చాలు, ఐట్యూన్స్ పాట అందులో మోగుతుంది. పనితనం ముచ్చటైనది. అయితే పంపే ప్రతి పాటనూ ఐట్యూన్స్ గూఢలిపిలోకి మార్చి పంపేది. దీనిని తపాలాపెట్టెతో పోల్చవచ్చు. ఉత్తరం వేసే సందు ఒకటి, పెట్టె తెరిచే చెవి మరొకటి. ఇక్కడ సందు జాడ ఐట్యూన్స్‌కు మాత్రమే తెలుసు. చెవి తెల్లపెట్టెలో మాత్రమే ఉంది.

దాదాపు రెండు నెలలకే, 2004 ఆగస్టులో, నార్వే యువకుడు యాన్ లేక్ యోహాన్సెన్ ఆ సందును కనిపెట్టి లోకానికి చాటాడు. డీవీడీ రక్షణను ఛేదించిన అభియోగంలో 2003లో అక్కడి న్యాయస్థానాలు రెండుమార్లు నిర్దోషిగా తేల్చింది ఇతనినే. అప్పటి నుండి ఏ ప్రోగ్రామైనా ఆ పెట్టెకు పాట పంపగలిగింది. కానీ పాటను అందుకొనే చెవి మాత్రం దొరకలేదు. 2010లో ఈ పద్ధతి ఎయిర్‌ప్లే అని పేరు మార్చుకొంది. 2011 ఏప్రిల్‌లో జేమ్స్ లెయిర్డ్ అనే ఆయన ఒక పెట్టెను విప్పి, లోపలి స్మృతిలోని రహస్యపు చెవిని వెలికితీసి, షేర్‌పోర్ట్ అనే ప్రోగ్రామును ఉచితంగా పంచాడు. నాటితో ఏ పాత యంత్రమైనా పాటను అందుకోగలిగింది.

ఇందులో మనకేమిటి అని అడగవచ్చు. మా నాన్నగారు పురాణం చెబుతుండగా పట్టిన క్యాసెట్లు నా వద్ద ఉన్నాయి. వాటిని గణనయంత్రంలోకి ఎక్కించుకున్నాను. ఆ గొంతు మీద ఏ కంపెనీకీ హక్కు లేదు. అయినా నా గదిలోంచి నా ముందుగదిలోకి వెళ్ళేటప్పుడు, ఆ నాలుగు అడుగుల దూరంలో, అది పరుల తాళం కింద నడవాలి. ఈ బాధ తెలుగు అక్షరానికి ఇదివరకే తెలుసు. యూనికోడు తొలి ప్రతిలోనే, 1991లో, తెలుగుకు చోటు దక్కినా, ఆ తరువాత చాలా ఏళ్ళు ఒక్కొక్క పత్రిక తన సొంత ఖతిలోనే అంతర్జాలంలో వెలువడేది. ఆ ఖతి లేనివారికి పద్యమైనా వార్తైనా పిచ్చిగీతలే. అక్షరం అందరి సొత్తు, సంకేతం ఒకరి సొత్తు. ఆ చిక్కును అనుభవించి బయటపడినవారం గనుక ఈ పాట కథ మనకు కొత్తది కాదు.

తాళం వీడాక మిగిలింది కాలం సమస్య. గాలిలో ముక్కలుగా వెళ్ళే పాటలో కొన్ని ముక్కలు తప్పిపోతాయి, మళ్ళీ తెప్పించుకోవాలి. అందుకే ఈ పద్ధతిలో పాట దాదాపు రెండు సెకన్లు ఆలస్యంగా మొదలవుతుంది. పైగా పంపేదాని గడియారమూ, అందుకొనేదాని గడియారమూ ఒక్కలా నడవవు. గాయకుడూ మార్దంగికుడూ చెరొక లయ పట్టుకున్నట్టే. షేర్‌పోర్ట్ వారసుడైన షేర్‌పోర్ట్ సింక్, అక్కడొక కొలత చేర్చి, ఇక్కడొకటి తీసి, చెవికి తెలియకుండా లయ సరిచేస్తుంది. పేకముక్కంత రాస్ప్‌బెర్రీ పై మీద దానిని నిలిపి, నా ముప్పయ్యేళ్ళ యాంప్లిఫయరుకు కలుపుకున్నాను.

ఆ రెండు పెట్టెల గతి చెప్పి ముగిస్తాను. స్లిమ్ డివైసెస్‌ను 2006లో లాజిటెక్ కొన్నది. 2012లో స్క్వీజ్‌బాక్సుల తయారీ ఆపింది. 2024లో వాటికోసం నడిపిన అంతర్జాల సేవనూ మూసింది. అయినా ప్రోగ్రాము మూలం తెరిచి ఉండడం వలన, అభిమానులు దానిని లిరియన్ అనే కొత్తపేరుతో సాకుతున్నారు. ఇరవయ్యేళ్ళ పెట్టెలు నేటికీ పాడుతున్నాయి. ఆపిల్ తన ఎయిర్‌పోర్ట్ పరికరాలను 2018లో నిలిపివేసింది. షేర్‌పోర్ట్ సంతతి మాత్రం నిలవలేదు, సాగుతూనే ఉంది.

కనుక ఇంటికి ఇటువంటి పరికరం తెచ్చుకొనేవారు ధర అడిగాక ఇంకొకటి కూడా అడగాలి: చేసినవారు రేపు కొట్టు కట్టేస్తే, ఈ పెట్టెలో మా నాన్నగారి గొంతు వినిపిస్తుందా?