ఇంటిదగ్గర చెప్పేవాళ్లు లేని హోంవర్కు

మన నెల్లూరు తీరానికి ఇంగ్లీషు బడికంటే ముందే వచ్చింది. 1626లో ఈస్టిండియా కంపెనీ దుగరాజపట్నంలో వర్తక స్థావరం పెట్టుకుంది. వాళ్ల కాగితాల్లో ఆ ఊరి పేరు ఆర్మగాన్. మద్రాసు వాళ్ల చేతికి వచ్చింది ఆ తర్వాత, 1639లో. ఈ కోరమాండల్ తీరంలో దొరలకూ మనవాళ్లకూ నడుమ నిలిచిన దుబాసీలు పరాయి భాషల్ని బేరసారాల్లోనే పట్టుకున్నారు. వాళ్లకు ఇంపోజిషన్లు రాయించినవాళ్లెవరూ లేరు.

బడి ఇంగ్లీషుది మరో దారి. మన జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది కాబట్టి ఇక్కడి హైస్కూళ్లకూ ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షే గురి. నాలుగు గీతల పుస్తకంలో కాపీ రాత, స్పెల్లింగులు, తప్పు పోతే పదిసార్లో ఇరవైసార్లో ఇంపోజిషన్. 1930లలో రెన్, మార్టిన్‌ల వ్యాకరణం వచ్చాక దానికి అభ్యాసాలు తోడయ్యాయి. ఆ రెన్ దొర ఎడారి సైనికుల మీద సాహస నవలలు రాసిన మనిషే. ఆ వ్యాకరణం చూస్తే మాత్రం నమ్మబుద్ధి కాదు!

కాపీ రాతను ఇప్పుడు ఎగతాళి చేయడం సులువు. అయ్యవార్లు దాన్నే ఎందుకు పట్టుకున్నారో చూడాలి. పట్టపుపాళెం నుంచి వచ్చే పిల్లవాడికి బడి విడిచాక చేపలు ఎండబెట్టే చోట పని ఉండేది. చీకటి పడ్డాక కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుంటే, ఇంగ్లీషు ముక్క చెప్పగలవాళ్లు ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే లేరు. చెప్పేవాళ్లు లేకుండా పూర్తి చేయగలిగిన పని చూసి రాయడమొక్కటే. అయితే 'నైబర్' స్పెల్లింగు ఇరవైసార్లు రాసిన చేతికి ఆ మాటతో ఒక్క వాక్యం వచ్చేది కాదు. ఇక వ్యాకరణ అభ్యాసాలు ఇంట్లో చదువుకున్న అన్నో మేనమామో ఉన్నవాళ్లకే సాగేవి. మిగతావాళ్లు తెల్లారి బడి గోడ దగ్గర పక్కవాడి పుస్తకం చూసి ఎక్కించుకునేవాళ్లు. నాతో చదివిన ఒకడు పుస్తకం చూపించే రోజున బడికి రావడం మానుకున్నాడు. ఎనిమిదో తరగతికొచ్చేసరికి మొత్తానికే మానుకున్నాడు. వాడి చెల్లించని ఫీజు గురించి అడిగారు గానీ, రాయని హోంవర్కు గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఈ సంగతి బెంగాల్లో పనిచేసిన మైకేల్ వెస్ట్‌కు ముందే తట్టింది. పిల్లల్లో చాలామంది మధ్యలోనే బడి మానేస్తారు, ఎక్కడ మానేసినా చేతిలో ఏదో ఒకటి మిగలాలి అని 1920లలోనే ఆయన వాదించాడు. అందుకే చదవడం ముందు నేర్పాలని, తక్కువ మాటలతో తేలిక వాచకాలు తయారు చేశాడు. తెలిసిన మాటల మధ్య ఒకటో రెండో కొత్త మాటలుంటే పిల్లవాడు ఇంటిదగ్గర ఒంటరిగా చదువుకోగలడు.

1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడింది. ఆ కాలానికి వాక్య నిర్మాణాల పద్ధతి ఊపందుకుంది, దానితో హోంవర్కులోకి పట్టికలు దిగాయి. ఎడమ మూడు మాటలు, నడుమ రెండు, కుడివైపు ఐదు. కలుపుకుంటూ పోతే ముప్ఫై వాక్యాలు. ఒక్కదానికీ అర్థం తెలియకపోయినా ముప్ఫై కూడా తప్పుల్లేకుండా వచ్చేవి! పుస్తకం నిండా ఎర్ర సిరా టిక్కులు.

నా మటుకు నాకు దారి చూపింది 1979–84 మధ్య ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు, మద్రాసు తదితర చోట్ల నడిపిన ప్రయోగం. రైళ్ల టైంటేబులు లాంటిది తీసుకుని ఒక సమస్యను ముందు క్లాసంతా కలిసి అయ్యవారితో విప్పుతారు. తర్వాత అలాంటిదే మరొకటి ఎవరికివారు చేస్తారు. క్లాసులో కనీసం సగం మంది, పనిలో కనీసం సగమైనా సరిగ్గా చేయగలగాలి. లేకపోతే పని బరువు ఎక్కువైందని లెక్క. ప్రభు అది క్లాసు కోసమే చేశాడు గానీ, హోంవర్కుకు ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు.

తీరం బడుల్లో నేను ఇంగ్లీషు చెప్పిన రోజుల్లో రొయ్యల గుంటల కాలం వచ్చింది. ప్రతి ఇంటికీ మేత సంచులు చేరాయి. ఒక సంచి మీది ఇంగ్లీషును క్లాసులో కలిసి చదివేవాళ్లం: బరువెంత, తయారైన తేదీ ఏది, ఎక్కడ నిలవ ఉంచమన్నాడు. ఇంటికెళ్లి ఇంకో సంచి చూసి అవే మూడు సంగతులు మూడు వాక్యాల్లో రాసుకురమ్మనేవాణ్ణి. కంపెనీలు వేరు కాబట్టి పక్కవాడి జవాబు పనికొచ్చేది కాదు. మూడు వాక్యాలే కాబట్టి యాభై పుస్తకాలు నేనూ ఆ రోజే దిద్దగలిగేవాణ్ణి. పరీక్షలో వీటికి మార్కులు లేవన్న మాట నిజమే. పదో తరగతికి రాగానే మళ్లీ ముప్ఫైఅయిదు మార్కులు, గైడు, బట్టీ.

ఇప్పుడు సర్కారు బడుల్లో లెక్కలూ సైన్సూ కూడా ఇంగ్లీషులోకి వచ్చాయి. ఒకప్పుడు తెలుగు లెక్క చెప్పగలిగిన అమ్మ ఇప్పుడు దానికీ దూరమైంది. అయితే 2020 నుంచి ఇచ్చిన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. మొన్న మా పక్కింట్లో ఒక అమ్మ తెలుగు పేజీ పైకి చదువుతుంటే, ఐదో తరగతి పిల్ల ఎదుటి పేజీలో అదే వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి వెతుకుతోంది.