ఇంటి కైఫియత్ ఎవరు రాయాలి?

‘కైఫియత్’ అనే లఫ్జ్ మన పెద్దల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. అరబ్బీలో ‘కైఫ’ అంటే ‘ఎలా’. ఎలా ఉంది అన్న సవాలుకు ఉన్నది ఉన్నట్టు చెప్పే జవాబే కైఫియత్. ఈ మాట పారసీ, ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకి వచ్చింది, అక్కడి నుంచి తెలుగులోకి నడిచింది. తెలుగు చరిత్ర చదివేవాళ్లకు కైఫియత్ అనగానే కడప గుర్తొస్తుంది.

1800లో నిజాం కడప, బళ్లారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆ తర్వాత థామస్ మన్రో హయాంలో పొలం పొలం కొలిచారు. మరోపక్క కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి వివరాలు సేకరించారు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి, మసీదుకు ఏ ఇనాములు ఉన్నాయి, ఎవరి అమల్లో ఏం జరిగింది అని కరణాలను, పెద్దలను అడిగి రాసుకున్నారు. అవే కైఫియత్తులు. 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ తెలుగు రాతప్రతుల కోసం ఎంత తపన పడ్డాడో మనకు తెలుసు. ఆయన బంగళా ఉన్న చోట ఇవాళ ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చేసింది కూడా ఆ సంస్థే.

రాసిపెట్టడానికి సంబంధించిన మాటలు తెలుగులో ఎన్ని మన దర్బారీ జుబాన్ నుంచి వచ్చాయో చూడండి. దస్తావేజు, రసీదు, జాబితా, దాఖలా, తపశీలు, పంచనామా, మహజరు. ఇన్ని మాటలు ఇచ్చిన ఖౌమ్ మనది. కానీ బాడుగ ఇంట్లోకి దిగేటప్పుడు మాత్రం మన చేతిలో ఒక చిట్టీ ముక్క కూడా ఉండదు. అడ్వాన్సు చేతిలో పెట్టి, తాళం చెవి తీసుకుని, బిస్మిల్లా అని గడప దాటుతాం. మూడేళ్ల తర్వాత ఖాళీ చేసే రోజు జగడా మొదలవుతుంది.

“ఏం సాబ్, వంటింటి బండ పగలగొట్టినారే?”

“మేం వచ్చేటప్పటికే అది పగిలి ఉండె గదన్నా!”

ఇద్దరూ సచ్ చెబుతున్నామనే అనుకుంటారు. మూడేళ్ల కిందటి సంగతి ఇద్దరికీ సగం సగమే గుర్తుంటుంది. గవాహీ ఎవరూ లేరు. డబ్బు ఎవరి చేతిలో ఉందో వాళ్ల మాటే చెల్లుతుంది. ఆ డబ్బు మాలిక్ దగ్గర ఉంది.

ఇక్కడ కానూన్ ఏమంటుందో చూద్దాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ యజమానికి, బాడుగదారుకు ఉన్న హక్కులు, జిమ్మేదారీలు చెబుతుంది. బాడుగదారు ఇంటిని తన స్వాధీనంలోకి తీసుకున్నప్పుడు ఎంత బాగా ఉందో, అంత బాగా తిరిగి అప్పగించాలి. రెండు మినహాయింపులు ఉన్నాయి. ఒకటి, మామూలు వాడుకలో వచ్చే అరుగుదల. రెండు, మనిషి ఆపలేని ఉపద్రవం వల్ల జరిగిన నష్టం. ఈ సెక్షన్ మొత్తం ఒక్క రోజు మీద నిలబడి ఉంది, అది మనం ఇంట్లో దిగిన రోజు. ఆ రోజు ఇల్లు ఎలా ఉందో తెలియకపోతే ఏది అరుగుదల, ఏది నుఖ్సాన్ అని ఎవరు తేల్చగలరు? చట్టం 1882 నుంచి ఉంది. ఆ ఒక్క రోజు కైఫియత్ రాసే ఆనవాయితీ మాత్రం మనకు రాలేదు.

సర్కారుకు బాడుగ ఇళ్ల మీద ఫికర్ లేక కాదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. చిన్న ఊరు మీద ఒక్కసారిగా రాజధాని బరువు పడింది. ఆఫీసులకు, ఉద్యోగులకు గుడారాలు వేశారు. ఉన్న ఇళ్లకు గిరాకీ పెరిగింది. అప్పటికి మద్రాసు నుంచి వారసత్వంగా వచ్చిన 1949 నాటి అద్దె నియంత్రణ చట్టం అమల్లో ఉంది. ఇల్లు ఖాళీ అయితే యజమాని అధికారికి తెలపాలి, సర్కారుకు కావాలంటే దాన్ని తీసుకోవచ్చు. బాడుగ ఎంత ఉండాలో కంట్రోలర్ తేల్చవచ్చు. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్ వెళ్లిపోయింది. 1960లో ఆంధ్రప్రదేశ్ తన సొంత అద్దె నియంత్రణ చట్టం చేసుకుంది. ఆ చట్టం ప్రకారం ఒక నెల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని ఉండేది. ఇంటి విలువ తగ్గేలా పాడుచేస్తే ఖాళీ చేయించే వీలుండేది. ఇల్లు ఎప్పుడు ఖాళీ అయిందో, బాడుగ ఎంతో రాసుకునే ఇంతెజామ్ అయితే జరిగింది. ఏ స్థితిలో చేతులు మారిందన్నది మాత్రం నోటిమాటగానే మిగిలింది.

ఒక నెల హద్దు కాగితం మీద ఉండిపోయి, బజారులో అడ్వాన్సులు పెరుగుతూ పోయాయి. దీనిపై పక్క జిల్లా నుంచి ఒక ముఖద్దమా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది గూడూరులోని ఒక హోటల్ కేసు, 1989లో తీర్పు వచ్చింది. చట్టం ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ సొమ్ము యజమాని దగ్గర ఉన్నప్పుడు, బాడుగ బాకీ పడ్డాడని బాడుగదారును ఎగవేతదారుగా ముద్రవేసి వెళ్లగొట్టడం కుదరదని కోర్టు తేల్చింది. ఎంత ఇచ్చామన్నది కాగితం మీద ఉంటేనే ఇలాంటి ఇన్సాఫ్ దొరుకుతుంది. రసీదు లేని అడ్వాన్సుకు ఏ అదాలతూ ఏమీ చేయలేదు.

ఇక మనిషి ఆపలేని ఉపద్రవం సంగతి. కర్నూలు వాళ్లకు ఇది పుస్తకాల మాట కాదు. 2009 అక్టోబర్ 2, శుక్రవారం. తుంగభద్ర, హంద్రీ పొంగి పాత నగరాన్ని ముంచేశాయి. నీళ్లు దిగిపోయాక గోడల మీద బురద గీత మిగిలింది. తలుపులు ఉబ్బిపోయాయి, వైరింగ్ పాడైంది, బీరువాలోని కాగితాలు ముద్దయ్యాయి. అలాంటి నష్టాన్ని బాడుగదారు నెత్తిన వేయకూడదనే 1882 చట్టం ఆ మినహాయింపు పెట్టింది. వరదకో మంటకో ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే, అందులో తన తప్పు లేనప్పుడు, ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్ కూడా బాడుగదారుకు అదే సెక్షన్ ఇచ్చింది. అయితే ఆ చెమ్మ వరదదా, అంతకు ముందుదా అన్న తకరారు వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. కైఫియత్ ఒక ప్రతి ఇంట్లో కాకుండా ఫోన్‌లోనో, బంధువుల దగ్గరో ఉండాలన్నది ఆ వరద నేర్పిన సబక్.

బయటి దేశాల్లో ఈ సమస్యను ఎలా తెంచారో మన పిల్లలు వెళ్లిన చోటే చూడవచ్చు. ఇంగ్లండులో 2007 ఏప్రిల్ నుంచి యజమాని డిపాజిట్‌ను సర్కారు ఆమోదించిన రక్షణ పథకం కింద పెట్టాలి. ఖాళీ చేసేటప్పుడు పేచీ వస్తే నష్టం జరిగిందని చూపించాల్సింది డబ్బు పట్టుకోవాలనుకున్న యజమానే. అందుకే అక్కడ ఇల్లు అప్పగించే రోజు గదిగదికీ జాబితా, ఫొటోలు తీసుకుంటారు. మన దగ్గర 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాసానికి రెండు నెలల బాడుగను మించి డిపాజిట్ వద్దని అందులో ఉంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే గోడలకు సున్నం, తలుపులకు రంగు, వైరింగ్ యజమాని ఖర్చు. స్విచ్చులు, కిటికీ అద్దాలు, కాలువ శుభ్రం బాడుగదారు ఖర్చు. “పెయింటింగ్‌కు ఇంత పట్టుకుంటాం” అనే మాటకు ముందు ఒప్పందంలో ఏం రాశారో చూసుకోవాలి.

మన దీన్‌లోనూ ఇది కొత్త మాట కాదు. ఖురాన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్ సూరా బఖరాలోని 282వది. అది లేన్‌దేన్ రాసుకోవడం గురించే. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయమని, గవాహీలను పెట్టుకోమని అందులో తాకీదు ఉంది. “భాయీ, మన మధ్య కాగితం ఎందుకు?” అనడం మొహబ్బత్‌లా కనిపిస్తుంది. రాయమని చెప్పింది మాత్రం ఆ మొహబ్బత్ పాడుకాకుండా ఉండటానికే. మాలిక్ మకాన్‌లు కూడా మనలోవాళ్లే, కువైట్‌లో కష్టపడి ఇల్లు కట్టుకున్నవాళ్లు ఎందరో. ఇల్లు నిజంగానే పాడైతే వాళ్ల హక్‌కు కూడా ఈ కాగితమే గవాహీ.

కాబట్టి సామాన్లు దించకముందే, ఖాళీ ఇంట్లో ఒక గంట గడపండి. పగటి వెలుతురులో ఒక్కో గది వీడియో తీయండి. మన ప్రాంతపు ఇళ్లకు తగ్గ ఖాస్ బాతులు కొన్ని ఉన్నాయి. కడప బండల అరల్లో చీలికలు, బేతంచెర్ల పరుపురాయి మీద మరకలు, బోరునీళ్ల ఉప్పు పట్టిన కొళాయిలు, మిద్దె కురిసిన జాడలు, గోడ అడుగున పెచ్చులూడిన చోట్లు, గుమ్మాలకు చెద. కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో తీయండి. మోటారు ఆడుతోందా, గడియలు పడుతున్నాయా, తాళం చెవులు ఎన్ని ఇచ్చారు అన్నవి ఒక కాగితం మీద రాయండి. కింద అడ్వాన్సు మొత్తం, ఇచ్చిన తారీఖు, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో వాపస్ ఇవ్వాలి అన్నది రాసి, ఇద్దరూ దస్తఖత్ పెట్టి చెరో ప్రతి ఉంచుకోండి. ఫొటోలు అదే రోజు మాలిక్‌కు వాట్సాప్‌లో పంపితే తారీఖు కూడా నిలిచిపోతుంది. అడ్వాన్సు నగదుగా ఇస్తే రసీదు తప్పనిసరి.

ఇంత తకల్లుఫ్ ఎందుకు అంటారా? చాలా ఇళ్లలో ఈ ఇంటి అడ్వాన్సు వాపస్ వస్తేనే వచ్చే ఇంటికి అడ్వాన్సు. అది ఆగితే అమ్మాయి కాలేజీ ఫీజు ఆగుతుంది, లేదా మళ్లీ వడ్డీ గడప తొక్కాల్సి వస్తుంది.

మనవాళ్లు ఒప్పందాన్ని పదకొండు నెలలకే రాసుకుంటారు. ఊళ్ల కైఫియత్తులు రెండు వందల ఏళ్లు నిలిచాయి. మన ఇంటి కైఫియత్ ఆ పదకొండు నెలలు, మళ్లీ రాసుకుంటే మరో పదకొండు నెలలు నిలిస్తే చాలు.