ఏ జనరేటరుపై ఎంత భారము?

విద్యుచ్ఛక్తిని ధాన్యమువలె గాదెలో పోసి పెద్దయెత్తున నిలువచేయుట సులభము కాదు. వాడకము పెరిగిన క్షణమే ఉత్పత్తియు పెరుగవలెను. అప్పుడు పలు జనరేటర్లలో దేనిపై ఎంత భారము మోపినచో బొగ్గు ఖర్చు తగ్గును?

తొలినాళ్ళలో ఇంజనీర్లు అన్నిటికంటె పొదుపైన యంత్రమును మొదట నిండుగా నడిపి, అది చాలనిచో తరువాతిదానిని అందుకొనెడివారు. ఇది సహజముగనే తోచును. కాని సగటు ఖర్చు తక్కువైన యంత్రములో తరువాతి యూనిట్టు కూడ చౌక కానక్కరలేదు. సాధారణముగా భారము పెరిగినకొలది అదనపు యూనిట్టుకు ఎక్కువ బొగ్గు పట్టును. ఈ అదనపు ఖర్చునే ఉపాంత వ్యయ మందురు.

మొదటి యంత్రములో అది 20 పైసలు, రెండవదానిలో 15 పైసలు అనుకొందము. ఒక యూనిట్టు భారమును మొదటిదానినుండి రెండవదానికి మార్చినచో 5 పైసలు మిగులును. ఇట్లు మార్చుచు పోగా రెండు ఖర్చులును సమానమగును. అటుపై మార్చినను లాభము లేదు. 1930 నాటికే ఇంజనీర్లు ఈ సూత్రమును గుర్తించిరి. 1943లో స్టైన్‌బర్గ్, స్మిత్ అనువారు అమెరికాలో దీనిపై ఒక గ్రంథము వెలువరించిరి.

దూరపు కేంద్రమునుండి వచ్చు విద్యుత్తులో కొంత తీగెలలోనే వేడిగా మారి నష్టమగును. 1950 దశకములో కిర్చ్‌మేయర్ మున్నగువారు ఆ నష్టమును లెక్కలో చేర్చిరి. 1962లో ఫ్రాన్సు దేశమున కార్పాంతియే వోల్టేజి మొదలగు హద్దులను కూడ ఒకే గణితసమస్యలో ఇమిడ్చెను.

దినమునకు 10,000 టన్నుల బొగ్గు కాల్చుచోట నూటికొకపాలు మిగిలినను 100 టన్నులు దక్కును. ఆ ఖర్చు తుదకు వాడకందారులు భరించునదే. నేడీ లెక్కను కంప్యూటర్లు కొలది నిమిషములకొకమారు వేయుచున్నవి. అవి అడుగునది మాత్రము పాత ప్రశ్నయే: తరువాతి యూనిట్టు ఎక్కడ చౌక?