చారిటీ టెన్నిస్ టోర్నీకి కంపెనీ ఇచ్చే డబ్బు: విరాళమా, ప్రకటన ఖర్చా?

2020 ఫిబ్రవరి 7న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ స్టేడియంలో రోజర్ ఫెదరర్, రఫెల్ నడాల్ ఆడిన మ్యాచ్‌ చూడ్డానికి 51,954 మంది వచ్చారు. ఒక టెన్నిస్ మ్యాచ్‌కు అంతమంది రావడం అప్పటికి రికార్డు. అదే రాత్రి డబుల్స్‌లో బిల్ గేట్స్, టీవీ వ్యాఖ్యాత ట్రెవర్ నోవా కూడా రాకెట్ పట్టారు. ఆఫ్రికాలో పిల్లల చదువు కోసం పనిచేసే ఫెదరర్ ఫౌండేషన్‌కు ఆ ఒక్క రాత్రి 35 లక్షల డాలర్లు సమకూరాయి.

ఇలాంటి వార్తల్లో చివరికి గుర్తుండేది ఈ మొత్తమే. కానీ ఒక ఫుట్‌బాల్ మైదానాన్ని ఒక రాత్రికి టెన్నిస్ కోర్టుగా మార్చడానికి, లైట్లకు, భద్రతకు, ప్రసారానికి, ఆటగాళ్ల ప్రయాణానికి అయ్యే ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. చిన్న ఊళ్లో క్లబ్ కోర్టు మీద జరిగే టోర్నీకైనా ఇదే సూత్రం. ఆ ఖర్చు పెట్టేది సాధారణంగా స్పాన్సర్. నెట్ మీద, స్కోర్ బోర్డు మీద, బాల్ బాయ్స్ చొక్కాల మీద కంపెనీ పేరు అందుకే ఉంటుంది. ఆ డబ్బును ఏమని పిలవాలన్న దగ్గరే చిక్కు. కంపెనీ ప్రకటనలో అది 'సమాజ సేవ'. అకౌంట్స్ విభాగంలో 'మార్కెటింగ్'. ఈ రెండూ ఒకటి కావని భారత చట్టం చాలా స్పష్టంగా చెబుతోంది.

సేకరించింది ఎంత, చేరింది ఎంత?

ముందు ఒక ఊహాజనితమైన లెక్క చూద్దాం. ఒక నగరంలో పిల్లల క్యాన్సర్ వైద్యం కోసం టోర్నీ పెట్టారనుకుందాం. స్పాన్సర్ల నుంచి 60 లక్షలు, టికెట్లు, ఎంట్రీ ఫీజుల నుంచి 15 లక్షలు, ప్రేక్షకుల విరాళాలు 10 లక్షలు వచ్చాయి. మొత్తం 85 లక్షలు. నిర్వహణ ఖర్చు 55 లక్షలు. మిగిలింది 30 లక్షలు.

ఇప్పుడు నిర్వాహకులు మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. '85 లక్షలు సేకరించాం' అంటే అబద్ధం కాదు. కానీ అది ఆసుపత్రికి చేరిన డబ్బు కాదు. 'టికెట్లు, విరాళాల డబ్బు మొత్తం పిల్లలకే' అన్నా నిజమే. అప్పుడు చేరేది 25 లక్షలు. స్పాన్సర్ల డబ్బులో ఖర్చులు పోగా మిగిలిన 5 లక్షల సంగతి ఆ వాక్యంలో లేదు. 'మిగులు మొత్తం ఆసుపత్రికి' అని ముందే రాసిపెడితే 30 లక్షలు చేరతాయి. కానీ ఖర్చులు పెరిగితే ఆ మేరకు ఆసుపత్రి వాటా తగ్గుతుంది. వర్షం వల్ల ఒక రోజు ఆట రద్దయి లైట్లు, హోటల్ గదులు ఇంకో రోజు అద్దెకు తీసుకోవాల్సి వచ్చినా ఆ భారం చివరికి పిల్లల వార్డు మీదే పడుతుంది. అందుకే స్పాన్సర్‌తో చేసుకునే ఒప్పందంలో నిర్వహణ ఖర్చు ఎంతైనా తామే భరిస్తామనే షరతు ఉందా లేదా అన్నది సేవా సంస్థకు లోగో సైజు కంటే ముఖ్యం.

సీఎస్ఆర్ కిందికి వస్తుందా?

రాదు. కనీసం చాలామంది అనుకునే పద్ధతిలో రాదు.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల రూపాయల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం - వీటిలో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. చట్టం అమల్లోకి వచ్చిన 2014లోనే కంపెనీ వ్యవహారాల శాఖ జూన్ 18న ఒక సర్క్యులర్ ఇచ్చింది. మారథాన్లు, అవార్డులు, టీవీ కార్యక్రమాల స్పాన్సర్‌షిప్ లాంటి ఒక్కసారి జరిగే కార్యక్రమాల ఖర్చు సీఎస్ఆర్‌గా లెక్కకు రాదని అందులో చెప్పింది. ఖర్చు ఒక ప్రాజెక్టు రూపంలో, ఒక కార్యక్రమంగా సాగాలన్నది ఉద్దేశం.

2021 జనవరి 22న సవరించిన నిబంధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. తన వస్తువులకో సేవలకో మార్కెటింగ్ ప్రయోజనం కోసం కంపెనీ స్పాన్సర్‌షిప్ పద్ధతిలో మద్దతిచ్చే కార్యకలాపాలను సీఎస్ఆర్ నిర్వచనం నుంచే తీసేశాయి. సొంత ఉద్యోగులకు లాభం చేకూర్చే పనులు కూడా లెక్కలోకి రావు. కాబట్టి కంపెనీ ఉద్యోగులు ఆడుకునే 'చారిటీ డబుల్స్' పోటీ ఖర్చును ఆ పద్దులో చూపడం కుదరదు.

అలాగని టెన్నిస్‌కు సీఎస్ఆర్ తలుపులు మూసుకుపోలేదు. చట్టంలోని ఏడో షెడ్యూల్‌లో గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడల్లో శిక్షణ ఉంది. టెన్నిస్ ఒలింపిక్ క్రీడ. ఒక ప్రభుత్వ పాఠశాల పిల్లలకు ఏడాది పొడవునా కోచింగ్ ఇప్పిస్తే అది చెల్లుతుంది. మామూలుగా దేశం బయట చేసే ఖర్చు సీఎస్ఆర్‌కు పనికిరాదు. కానీ రాష్ట్రానికో దేశానికో ప్రాతినిధ్యం వహించే క్రీడాకారుల శిక్షణకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అంటే ఆట నేర్పించడానికి డబ్బు ఇవ్వొచ్చు. ఆట పక్కన బ్యానర్ కట్టించుకోవడానికి ఇచ్చింది మాత్రం లెక్కలోకి రాదు.

అందుకే పద్ధతిగా నడిచే కంపెనీలు రెండు చెక్కులు రాస్తాయి. ఒకటి మార్కెటింగ్ బడ్జెట్ నుంచి టోర్నీ నిర్వాహకులకు. రెండోది సీఎస్ఆర్ ఖాతా నుంచి నేరుగా ఆసుపత్రికో ట్రస్టుకో, ఒక నిర్దిష్టమైన ప్రాజెక్టు కోసం. రెండో చెక్కు అందుకునే సంస్థ కేంద్రం దగ్గర సీఎస్ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. రెండింటినీ కలిపేస్తే తంటా కంపెనీకే. ఆ ఖర్చు చెల్లదని తేలితే 2 శాతం బాధ్యతలో ఆ మేరకు లోటు పడుతుంది. ఆ మొత్తాన్ని నిర్దేశిత నిధికో ఖాతాకో గడువులోగా బదిలీ చేయకపోతే దానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, రెండింటిలో ఏది తక్కువైతే అది జరిమానా.

గుడి ఫ్యాన్ మీద పేరు

తెలుగు ఊళ్లలో గుడికి వెళ్లినవాళ్లందరికీ ఒక దృశ్యం పరిచయమే. ఫ్యాన్ రెక్కల మీద, గోడ గడియారం మీద, కుర్చీల వెనక దాతల పేర్లు. కొన్నిచోట్ల ట్యూబ్‌లైట్ మీద పేరు ఎంత పెద్దగా ఉంటుందంటే వెలుతురు సగమే వస్తుంది. ఇది దానమా, ప్రచారమా అన్న ప్రశ్న జీఎస్టీ అధికారులకూ వచ్చింది.

2019 అక్టోబర్ 11 నాటి 116వ నంబరు సర్క్యులర్ దీనికి జవాబిచ్చింది. సేవా సంస్థకు ఇచ్చిన వస్తువు మీదో గది తలుపు మీదో కృతజ్ఞతగా దాత పేరు రాస్తే అది పన్ను వేయదగిన సేవ కాదు. కానీ ఆ రాతలో దాత వ్యాపారానికి ప్రచారం ఉండకూడదు. తండ్రి జ్ఞాపకార్థం గది కట్టించిన మహిళ పేరు ఉంటే సమస్య లేదు. ఆమె నడిపే బట్టల షాపు పేరు, ఆఫర్లు ఉంటే మాత్రం అది ప్రకటనే.

టెన్నిస్ టోర్నీ విషయంలో సందేహానికి తావు తక్కువ. టైటిల్‌లో కంపెనీ పేరు, కోర్టు చుట్టూ బోర్డులు, బహుమతి ప్రదానంలో ఎండీ ప్రసంగం - ఇవన్నీ ఒప్పందంలో రాసుకున్నాక అది స్పాన్సర్‌షిప్ సేవ. దాని మీద జీఎస్టీ 18 శాతం. నిర్వాహకులు ట్రస్టు అయి, స్పాన్సర్ కంపెనీ అయితే ఆ పన్ను స్పాన్సరే నేరుగా కడుతుంది. నిర్వాహకులు కంపెనీగా నమోదైన సంస్థ అయితే 2025 జనవరి 16 నుంచి వాళ్లే వసూలు చేసి కట్టాలి. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీలు కూడా ఇందులోకే వస్తాయి. ఈ తేడా తెలియక చివర్లో ఇబ్బంది పడేది ఎక్కువగా చిన్న సంస్థలే.

ఆదాయపు పన్ను దగ్గర విషయం ఇంకా ఆసక్తికరం. మార్కెటింగ్ కోసం ఇచ్చిన స్పాన్సర్‌షిప్ వ్యాపార ఖర్చు. దాన్ని ఆదాయం నుంచి తీసేసి మిగిలినదానికే పన్ను కట్టొచ్చు. 25.17 శాతం పన్ను పరిధిలో ఉన్న కంపెనీ 50 లక్షలు స్పాన్సర్‌షిప్‌గా ఇస్తే దాదాపు 12.6 లక్షల పన్ను తగ్గుతుంది. సీఎస్ఆర్ ఖర్చుకు ఈ వెసులుబాటు లేదు. 2014లోనే ఆదాయపు పన్ను చట్టంలో ఆ మేరకు వివరణ చేర్చారు. సీఎస్ఆర్ కోసం కొన్న వస్తువులు, సేవల మీద జీఎస్టీ క్రెడిట్‌ను కూడా 2023 అక్టోబర్ నుంచి ఆపేశారు. కంపెనీ కోణంలో చూస్తే బ్యానర్ కట్టించుకోవడమే చవక. అది తప్పేమీ కాదు. కాకపోతే దానికి దానం అని పేరు పెట్టుకోవడమే అతి.

ప్రేక్షకులకూ ఒక మాట. టికెట్ కొన్నంత మాత్రాన 80జి రసీదు రాదు. టికెట్‌కు బదులుగా ఆట చూశారు కాబట్టి అది విరాళం కాదు. విడిగా విరాళం ఇస్తే, ఆ సంస్థకు గుర్తింపు ఉంటే, నగదు 2,000 రూపాయలు దాటకపోతే మినహాయింపు వస్తుంది. కొత్త పన్ను విధానం ఎంచుకున్న వ్యక్తులకు అదీ లేదు.

పేరు ఎందుకు కొనుక్కుంటారు?

ఇంగ్లిష్ గాయకుడు ఎల్టన్ జాన్, అమెరికన్ టెన్నిస్ దిగ్గజం బిల్లీ జీన్ కింగ్ కలిసి 1993లో 'స్మాష్ హిట్స్' అనే చారిటీ టెన్నిస్ కార్యక్రమం మొదలుపెట్టారు. వచ్చిన డబ్బు ఎయిడ్స్ మీద పనిచేసే సంస్థలకు, ముఖ్యంగా ఎల్టన్ జాన్ ఫౌండేషన్‌కు వెళ్లేది. 2014లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో, 2015లో లాస్ వెగాస్‌లో జరిగినప్పుడు టైటిల్‌లో ఉన్న పేరు మైలాన్. ఇది అప్పటి అమెరికా మందుల కంపెనీ.

ఈ స్పాన్సర్‌షిప్‌కు హైదరాబాద్‌తో ఒక లింకు ఉంది. మైలాన్ 2007లో హైదరాబాద్‌కు చెందిన మ్యాట్రిక్స్ లేబొరేటరీస్‌లో 71.5 శాతం వాటా కొనుక్కుంది. తర్వాతి కాలంలో పేద దేశాలకు చవకగా హెచ్ఐవీ మందులు సరఫరా చేసే పెద్ద కంపెనీల్లో ఒకటిగా ఎదగడానికి ఆ కొనుగోలు పునాది. అంటే ఎయిడ్స్ మీద పోరాడే టోర్నీకి ఎయిడ్స్ మందులు చేసే కంపెనీ స్పాన్సర్. అంతకంటే చక్కగా కుదిరే పొత్తు దొరకదు. ప్రచారమూ నిజమే, సేవా నిజమే.

2016లో అదే కంపెనీ వేరే మందు విషయంలో వార్తల్లోకెక్కింది. తీవ్రమైన అలర్జీ వచ్చినప్పుడు ప్రాణం కాపాడే ఎపిపెన్ ఇంజెక్షన్ల జత ధర అమెరికాలో 2007లో దాదాపు 100 డాలర్లు ఉంటే 600 డాలర్లకు చేరింది. సెప్టెంబర్‌లో కంపెనీ అధిపతి హెదర్ బ్రెష్‌ను ప్రతినిధుల సభ కమిటీ పిలిచి ప్రశ్నించింది. మరుసటి ఏడాది ప్రభుత్వ ఆరోగ్య పథకంలో రాయితీల వివాదాన్ని 46.5 కోట్ల డాలర్లతో పరిష్కరించుకుంది. టెన్నిస్ టోర్నీకి దీనితో సంబంధం లేదు. కానీ టైటిల్‌లో పేరు పంచుకున్నాక స్పాన్సర్ పరువు నిర్వాహకులదీ అవుతుంది.

ఫెదరర్‌కు ఇది ఇంకా దగ్గరగా తగిలింది. 2009లో ఆయనతో పదేళ్ల ఒప్పందం చేసుకున్న స్విస్ బ్యాంకు క్రెడిట్ స్వీస్, అందులో భాగంగా ఆయన ఫౌండేషన్‌కు ఏటా 10 లక్షల డాలర్లు ఇస్తామంది. 2018 నవంబర్‌లో కొందరు పర్యావరణ కార్యకర్తలు లొసాన్ నగరంలోని ఆ బ్యాంకు శాఖలోకి తెల్ల దుస్తుల్లో వెళ్లి టెన్నిస్ ఆడారు. బొగ్గు, చమురు ప్రాజెక్టులకు బ్యాంకు ఇచ్చే అప్పుల మీద నిరసన అది. 2020 జనవరిలో కింది కోర్టు వాళ్లను నిర్దోషులుగా వదిలేసింది; విషయం ప్రపంచమంతా పాకింది (పై కోర్టు అదే ఏడాది ఆ తీర్పును తిరగదోడింది). గ్రెటా థున్‌బర్గ్ కూడా ఆ విమర్శను పంచుకున్నారు. స్పాన్సర్లతో ఈ విషయం మాట్లాడతానని ఫెదరర్ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. కేప్‌టౌన్ మ్యాచ్ జరిగింది ఆ తర్వాత నాలుగు వారాలకే. ఇక ఆ బ్యాంకు 2023 మార్చిలో కుప్పకూలి యూబీఎస్ చేతికి వెళ్లింది.

భారత్‌లో స్పాన్సర్ పేరు మీద అన్నిటికంటే కఠినమైన గీత పొగాకు దగ్గర ఉంది. చెన్నైలో జరిగిన అంతర్జాతీయ టెన్నిస్ టోర్నీ 2001 వరకు ఒక సిగరెట్ బ్రాండ్ పేరుతో 'గోల్డ్ ఫ్లేక్ ఓపెన్'గా నడిచింది. తర్వాత టాటా ఓపెన్ అయింది. 2003 పొగాకు నియంత్రణ చట్టంలోని ఐదో సెక్షన్ స్పాన్సర్‌షిప్, బహుమతి, స్కాలర్‌షిప్ వంటి వాటికి బదులుగా పొగాకు ఉత్పత్తులకో వాటి బ్రాండ్లకో ప్రచారం చేయడాన్ని నిషేధించింది. డబ్బు మంచి పనికి పోతోందన్న వాదన అక్కడ చెల్లదు.

ఎక్కడ చూడాలి?

ఒక టోర్నీ గురించి తెలుసుకోవాలనుకునేవారికి కొన్ని దారులు ఉన్నాయి. సీఎస్ఆర్ వర్తించే కంపెనీకి వెబ్‌సైట్ ఉంటే బోర్డు ఆమోదించిన సీఎస్ఆర్ ప్రాజెక్టులను అందులో పెట్టాలి. వార్షిక నివేదికలో అనుబంధంగా సీఎస్ఆర్ ఖర్చు వివరాలు ఇవ్వాలి. ఆ ప్రాజెక్టుల జాబితాలో ఆసుపత్రి పేరు ఉంటే రెండో చెక్కు రాసే ఉంటారనుకోవచ్చు. ఆ పేరు ఎక్కడా లేకుండా పోస్టర్ మీద మాత్రం పెద్ద లోగో ఉంటే, కంపెనీ పెట్టిన ఖర్చు మార్కెటింగ్ పద్దులోదై ఉండే అవకాశమే ఎక్కువ. అప్పుడు ఆసుపత్రికి ఎంత చేరిందో చెప్పాల్సింది నిర్వాహకులు. టోర్నీ ముగిశాక ఆడిట్ చేసిన జమాఖర్చులు బయటపెడతారా అని టికెట్ కొనేముందు అడిగినా, ఎంట్రీ ఫారం నింపేటప్పుడు అడిగినా తప్పులేదు.