క్లీవ్‌ల్యాండ్ స్లొవేనియన్ చర్చిలో పండుగలు

అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో సెయింట్ వైటస్ కేథలిక్ చర్చి ఉంది. స్లొవేనియా నుంచి పని కోసం వలస వచ్చినవాళ్లు 1893లో పెట్టుకున్నది. ఇప్పటి భవనం 1932 నాటిది.

స్లొవేనియన్లకు పెద్ద పండుగ ఈస్టర్. దానికి ముందు 40 రోజుల ఉపవాస కాలం. మన రోజాల్లా నీళ్లు కూడా మానరు. తిండి తగ్గిస్తారు, శుక్రవారాలు మాంసం ముట్టరు. చివరి శనివారం పండుగ తిండిని బుట్టల్లో సర్ది చర్చికి తెస్తారు. ఫాదర్ దీవించిన ఆ తిండినే ఈస్టర్ పొద్దున ఇంటిల్లిపాదీ తింటారు. పంది మాంసం యేసు శరీరానికి గుర్తట, ఎర్ర గుడ్లు రక్తపు చుక్కలకు, ఘాటైన హార్స్‌రాడిష్ వేరు సిలువ మేకులకు. వాల్‌నట్ పొడి పరిచి చుట్టి కాల్చే 'పొతీత్సా' రొట్టె ముళ్ల కిరీటం. భాష చేజారిన ఇళ్లలో కూడా ఈ రొట్టె పోలేదు.

డిసెంబర్ 6 పిల్లలది. సెయింట్ నికోలస్ కానుకలు తెస్తాడు, వెంట గొలుసులు మోగించే దయ్యాలూ వస్తాయి!