నిజాంసాగర్ కాలవ కింద మా తాత

మంట దగ్గరికి జరగండర్రా, మంచు దిగుతోంది. బోధన్ దగ్గర మన చుట్టాలు ఎందుకున్నారని కదూ అడిగేవు అమ్మాయ్? చెబుతాను, విను.

మా తాతకి ఈ వాడపల్లిలో ఉన్నదల్లా గోదారి ఒడ్డున కాస్త లంకభూమి. వరదొస్తే చాలు, ఒడ్డు విరిగిపడేది. రాత్రిళ్ళు మట్టిపెళ్ళలు దబ్బుదబ్బుమని నీళ్ళలో పడే చప్పుడు ఇంట్లోకి వినపడేదిట. తెల్లారగానే వెళ్ళి, మిగిలిన చేను అడుగులేసి కొలుచుకునేవాడు. పైగా ముగ్గురు కొడుకులు.

1931 మార్చి 30న, చైత్ర ఏకాదశి తీర్థంనాడు, వెంకన్నబాబు రథం మీద గాంధీగారి పటం పెట్టేరు. పోలీసులు తీసెయ్యమన్నారు, జనం ఒప్పుకోలేదు. తుపాకులు పేల్చేరు. గాంధీగారికీ వైస్రాయికీ రాజీ కుదిరి నెల కూడా తిరగలేదప్పటికి! దేవుడి తీర్థానికొచ్చిన మనుషులు ఈ వీధిలోనే నేలకొరిగేరు. ఆ వేళ రథం తాడు పట్టుకున్నవాళ్ళలో తాతా ఉన్నాడు. ఆ బెంగతోనే ఊరొదిలేడని మనవాళ్ళలో కొందరంటారు. నేనొప్పుకోను. ఆయన వెళ్ళింది భూమి కోసం.

ఆ ఏడే నైజాంలో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. అలీ నవాజ్ జంగ్ అనే ఇంజినీరు ఆధ్వర్యాన 1923లో మొదలెట్టిన పని అది. అక్కడివాళ్ళకి చెరువు కింద వరి తెలుసు. కానీ అంత పెద్ద కాలవ, అన్ని వేల ఎకరాలు ఒక్కసారి తడపడం కొత్త. మనకో, 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ముగించిన దగ్గర్నించీ కాలవ సేద్యమే బతుకు. అందుకని డెల్టా రైతులు రావాలని నైజాంవాళ్ళూ కోరుకున్నారు. ఇక్కడ ఎకరం అమ్మితే అక్కడ అంతకు ఎన్నో రెట్లు భూమొచ్చేది.

గోదారి దాటి రాజమండ్రిలో రైలెక్కేరు. బెజవాడలో మారి సికిందరాబాదు, అక్కడ చిన్న రైలు పట్టుకుని నిజామాబాదు, ఆపైన బోధన్ వైపు ఎడ్లబండి. మామ్మ నెత్తిమీద అక్కుళ్ళ వరి విత్తనం మూట.

వెళ్ళి చూస్తే ఏవుంది? రేగడి నేల, తుమ్మలు, మోదుగలు. మోదుగ మోడు పైపైన నరికితే చావదు, వానపడితే మళ్ళీ చిగురేస్తుంది. చుట్టూ గొయ్యి తీసి, వేళ్ళు తెగ్గొట్టి, పలుపు కట్టి ఎడ్లచేత లాగించాలి. ఒక్కో మోడుకి ఒక పూట పట్టేది. తరవాత చదును, గట్లు, ఆకుమడి, దమ్ము. కాగితాలన్నీ ఉర్దూ. పట్వారీ చదివిందే వేదం. శిస్తు నిజాం నాణెం హాలీ సిక్కాలో కట్టాలి.

మొదటి వానాకాలమే చలిజ్వరాలు. పాకలో అందరూ మంచాన పడ్డారు. అప్పుడు పక్కూరి కూలీ ఆవిడ పొద్దున్నా సాయంత్రం వచ్చి, జొన్నగటక కాచి, ఒక్కొక్కరికీ నోట్లో పోసిందిట. తన పిల్లల గింజలవి. ఆ ఏడు మా ఆకు తీసిందీ, ఊడ్చిందీ ఆవిడా, ఆవిడ వాడవాళ్ళూనే. మనవాళ్ళు ఇవాళ్టికీ "మేం అడవి కొట్టేం, బీడు సాగుచేసేం" అని ఛాతీ విరుచుకుని చెప్పుకుంటారు. నిజమే, కష్టపడ్డారు. కానీ ఆ మోళ్ళలో సగానికి పైగా తవ్వింది ఆవిడ వాడవాళ్ళ గునపాలే. తాత ఈ సంగతి ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. మామ్మే చెప్పింది, చెప్పిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకుంటూ.

1948లో రజాకార్ల గొడవ ముదిరేక ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఇక్కడికి పంపేసేరు. నేనప్పుడు చంటిపిల్లాణ్ణి. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయేడు. తాత, పెదనాన్న, బాబాయి మళ్ళీ వెళ్ళేరు. మా నాన్న మాత్రం ఈ మిగిలిన లంక వదల్లేక ఆగిపోయేడు. అందుకే మనం ఇక్కడ, వాళ్ళక్కడ.

పండగెళ్ళేక బోధన్ వెళతానన్నావుగా. ఆత్రేయపురంలో పూతరేకులు రెండు పెట్టెలు కట్టించుకో. ఒకటి మనవాళ్ళకి. రెండోది ఆ గటక పోసినావిడ మనవలకి. ఇల్లు మీ పెదనాన్నకి తెలుసు, ఆయన్నే తీసికెళ్ళమను.