సంతకానికి ముందు మూడు వందల డాలర్లు

"సాయంత్రం నాలుగింటికి ఇంకొకాయన వస్తున్నాడు. ఇప్పుడు అడ్వాన్సు కట్టకపోతే ఈ కారు మీకే దక్కుతుందని నేను చెప్పలేను."

హ్యూస్టన్‌లో పాత కార్లు అమ్మే షోరూము. 2018 మార్చి, శనివారం మధ్యాహ్నం. అమ్మే మనిషి ఆ మాట మర్యాదగానే అన్నాడు. ఎదురుగా వెండి రంగు పోర్షే 911 కరేరా. 2003 మోడల్, 61 వేల మైళ్లు తిరిగింది. ధర 22 వేల డాలర్లు. కొనడానికి వచ్చినవాడిది తెనాలి. నలభైకి దగ్గరపడ్డాడు. డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ గది గోడకు అంటించుకున్న బొమ్మ ఈ కారుదే. తెల్లవారకముందే బయల్దేరి, నాలుగు గంటలు ఒక్కడే డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. హ్యూస్టన్‌లోనే ఉండే బావమరిది షోరూము దగ్గర కలిశాడు.

ఇది ఒక్క మనిషికి జరిగిన కథ కాదు. అమెరికాలో ఈ తరం పోర్షేలు కొన్నవాళ్లకూ కొనబోయినవాళ్లకూ ఎదురయ్యే అనుభవాలను ఒక కుటుంబం చుట్టూ చేర్చి చెబుతున్నాం. ఇంజన్ సంగతులు, నిబంధనలు, దావా వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

"బావా, అద్దం మీద కాగితం చదివావా?" అన్నాడు బావమరిది.

చదవలేదు. అది 'బయ్యర్స్ గైడ్'. పాత కారు అమ్మే డీలరు దాన్ని కారుకు అంటించి ఉంచాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన. అందులో 'యాజ్ ఈజ్' అన్న గడికి టిక్కు పెట్టి ఉంది. అంటే డీలరు వారంటీ లేదు. గేటు దాటాక ఏది చెడినా ఖర్చు కొన్నవాడిదే. మీ మెకానిక్‌తో చూపించుకోవచ్చా అని డీలర్ని అడగండి అని కూడా అదే కాగితం మీద రాసి ఉంటుంది. మూడు రోజుల్లోపు కారు తిరిగిచ్చేయొచ్చని మనవాళ్లలో చాలామంది నమ్ముతారు. షోరూముకు వెళ్లి కొన్న కారుకు ఆ మూడు రోజుల ఫెడరల్ నిబంధన వర్తించదు.

"మా మెకానిక్‌కు చూపించుకుంటాం" అన్నాడు బావమరిది.

"మా సర్వీసు వాళ్లు చూశారుగా. ఇదిగో రిపోర్టు. కార్‌ఫ్యాక్స్ కూడా క్లీన్" అని రెండు కాగితాలు ముందు పెట్టాడు అమ్మే మనిషి.

కార్‌ఫ్యాక్స్ అంటే కారు చరిత్ర చెప్పే రిపోర్టు. అందులో ఉండేది బీమా కంపెనీలు, పోలీసులు, వర్క్‌షాపులు, రవాణా శాఖలు తెలియజేసిన సమాచారం. ఎవరూ తెలియజేయనిది అందులోకి ఎక్కదు. చేతి డబ్బుతో చేయించుకున్న డెంటింగ్, పెయింటింగ్ అందులో కనిపించకపోవచ్చు. పైగా అది హ్యూస్టన్. ఏడు నెలల క్రితమే, 2017 ఆగస్టులో, హార్వే తుపాను ఆ ఊరి కార్లను లెక్కకు మించి ముంచేసింది. బావమరిది భయం అదే.

అయినా తెనాలి మనిషి చెయ్యి చెక్కుబుక్కు దాకా వెళ్లింది. దాన్ని నేను తప్పుపట్టలేను. ఇరవై ఏళ్లు కోరుకున్నది కళ్లెదుట నిలబడి, చేతిలో డబ్బుండి, నాలుగింటికి ఇంకెవరో వస్తున్నారంటే ఎవరి గుండె కుదురుగా ఉంటుంది?

బావమరిది అక్కకు ఫోన్ కలిపి అతని చేతికిచ్చాడు. ఆమె అంతా విన్నది.

"ఏమండీ, మా చెల్లికి సంబంధం వచ్చినప్పుడు పెళ్లిళ్ల పేరయ్య మాట విని ఊరుకున్నారా? పిల్లాడి ఊరెళ్లి నలుగుర్నీ అడిగొచ్చింది మీరే కదా. ఇప్పుడు అమ్మేవాడి మాటే చాలంటారేంటి? పోతే పోనివ్వండి, ఇంకోటి దొరుకుతుంది."

అతను చెక్కుబుక్కు మూసేశాడు. ఐదు వందల డాలర్ల అడ్వాన్సు ఇస్తామని, తనిఖీలో తేడా వస్తే అది పూర్తిగా తిరిగివ్వాలని కాగితం మీద రాయించుకున్నారు. తనకు తెలిసిన షాపు పక్క వీధిలోనే ఉందన్నాడు అమ్మే మనిషి. వద్దన్నారు. పోర్షేలు మాత్రమే బాగుచేసే షాపొకటి వెతికి, సోమవారం పొద్దుటికి టైము తీసుకున్నారు. ఫీజు మూడు వందల డాలర్లు, ఆయిల్ ఫిల్టరు ఖర్చు అదనం.

ఆ మెకానిక్ పెద్దాయన, మాట తక్కువ. ముందు చిన్న మీటరుతో బాడీ చుట్టూ పెయింటు మందం కొలిచాడు. కుడి వెనక ఫెండర్ దగ్గర అంకె మిగతా చోట్లకంటే రెట్టింపు చూపించింది. "ఇక్కడ మళ్లీ పెయింట్ వేశారు. చిన్న దెబ్బే" అన్నాడు. సీటు బెల్టులు చివరికంటా లాగి బురద చారల కోసం చూశాడు. కార్పెట్ ఎత్తి సీటు బోల్టుల తుప్పు చూశాడు. ఈ తరం పోర్షేల్లో అలారం కంట్రోల్ యూనిట్ సీటు కిందే ఉంటుంది. నీళ్లు చేరితే ముందు దెబ్బతినేది అదే. అంతా పొడిగా ఉంది. వరద కారు కాదు. బావమరిది ఊపిరి పీల్చుకున్నాడు.

టైర్ల అరుగుదల తక్కువే. కానీ పక్కన అచ్చువేసిన నాలుగంకెలు 1209. అంటే 2009వ సంవత్సరం పన్నెండో వారంలో తయారైనవి. తొమ్మిదేళ్ల రబ్బరు మీద అంత వేగంగా పోయే కారు. తర్వాత ల్యాప్‌టాప్ తగిలించాడు. ఇంజన్ పరిమితి దాటి ఎన్నిసార్లు తిరిగిందో కారు కంప్యూటర్ దాచుకుంటుంది. పైగేరులోకి వెయ్యబోయి పొరపాటున కింది గేరులో పడేస్తే ఇంజన్ ఓర్చుకోలేనంత వేగం అందుకుంటుంది. అది యజమాని మరిచిపోయినా కంప్యూటర్ మరిచిపోదు. ఇందులో అలాంటిదేమీ లేదు. సిలిండర్లలోకి గాలి పంపి లీకేజీ చూస్తే ఆరూ బాగానే ఉన్నాయి.

తెనాలి మనిషి మొహం విప్పారింది. "కొనెయ్యొచ్చంటావా?" అని బావమరిదిని అడిగాడు.

"ఆగు బావా. ఇంకా ఫిల్టరు విప్పలేదు."

కారును లిఫ్టు మీద ఎత్తారు. మెకానిక్ ఆయిల్ ఫిల్టరు తీసి, కాగితపు మడతల్ని కత్తిరించి బల్ల మీద పరిచాడు. దీపం దగ్గరికి లాగాడు. మడతల మధ్య మెరుపు. కొన్ని గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలూ ఉన్నాయి. "ఇవి గొలుసు ఆనే ప్యాడ్లవి, వీటితో భయంలేదు" అని పక్కకు నెట్టాడు. మెరిసేవాటి మీదుగా అయస్కాంతం తిప్పాడు. అల్యూమినియమైతే అంటుకోదు. ఇవి అంటుకున్నాయి. ఉక్కు.

"ఐఎంఎస్ బేరింగ్ కావచ్చు" అన్నాడాయన.

1990ల చివర్లో పోర్షే 911 ఇంజను గాలితో చల్లబడే పద్ధతి వదిలి, నీటితో చల్లబడే పద్ధతికి మారింది. ఆ కొత్త ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్టుకూ కామ్‌షాఫ్టులకూ మధ్య ఒక ఇంటర్మీడియట్ షాఫ్టు (ఐఎంఎస్) ఉంటుంది. దాని ఒక కొసను మోసేది అరచేతిలో ఇమిడే సీల్డ్ బాల్ బేరింగ్. కాలం గడిచేకొద్దీ లోపలి గ్రీజు పోతుంది, ఇంజన్ ఆయిల్ సరిగా అందదు. అది విరిగితే షాఫ్టు ఒరిగి, గొలుసులు అదుపు తప్పి, వాల్వులూ పిస్టన్లూ ఢీకొంటాయి. ఇంజన్ మొత్తం పోతుంది. ఎక్కువ కార్లలో ఇది జరగలేదు, నిజమే. కానీ జరిగిన చోట బాగుచేయించే ఖర్చు పాత కారు ధరకు దగ్గరగా వెళ్తుంది. ఆ తరం టర్బో, జీటీ3ల ఇంజన్ వేరు, వాటికి ఈ బేరింగ్ బెడద లేదు. 2009 మోడల్ కరేరాతో వచ్చిన కొత్త ఇంజన్‌లో ఆ షాఫ్టునే తీసేశారు.

ఈ బేరింగ్ మీద అమెరికాలో వేసిన క్లాస్ యాక్షన్ దావా 2013లో రాజీతో ముగిసింది. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన కొన్ని బాక్స్‌స్టర్, 911 కార్లకు రక్షణ దొరికింది. కానీ దానికి గడువు పదేళ్లు లేదా లక్షా ముప్ఫై వేల మైళ్లు. 2003 కారుకు 2018 నాటికి ఆ గడువు దాటిపోయింది.

"బేరింగ్ ఒక్కటే మార్పిస్తే?" ఆశ చావక అడిగాడు.

"రజను రాకముందు అయితే మార్చేవాణ్ణి. ఇప్పుడది ఆయిల్‌తో పాటు ఇంజనంతా తిరిగింది. విప్పితేగానీ ఎంత నష్టమో చెప్పలేను."

షోరూమువాళ్లు రెండు వేలు తగ్గిస్తామన్నారు. అతను ఒప్పుకోలేదు. రాసిన కాగితం ఉంది కాబట్టి అడ్వాన్సు తిరిగొచ్చింది. ఆ రాత్రి డాలస్ తిరిగొచ్చి అన్నం ముట్టలేదు. భార్య ఏమీ అనలేదు.

వేసవిలో ఆస్టిన్‌లో ఇంకో 911 కనిపించింది. అమ్మేది సొంతదారుడే. మెకానిక్‌కు చూపించుకోవచ్చా అని అడిగితే, "ఏ షాపో చెప్పండి, నేనే తీసుకొస్తాను" అన్నాడు. క్లచ్‌తో పాటు బేరింగూ మార్పించిన రసీదు చూపించాడు. గేర్‌బాక్సు దించితే తప్ప రెండూ అందవు కాబట్టి తెలిసినవాళ్లు ఒకేసారి చేయిస్తారు. అక్కడి మెకానిక్ వాటర్ పంపు లీకేజీ కనిపెట్టాడు. తెనాలి మనిషి ఆ ఖర్చు ధరలో తగ్గించుకుని, ఫిల్టరు శుభ్రంగా ఉందని కళ్లారా చూసి సంతకం పెట్టాడు.

తనిఖీ జరిగితే కారు ఇక చెడదని కాదు. కొన్ని బేరింగులు ఏ జాడా చూపకుండానే పోతాయి. సిలిండర్ గోడల గీతలు బోరోస్కోప్ అనే సన్నని కెమెరా లోపలికి పంపితేగానీ కనిపించవు. అది కూడా చూడమని అడిగి చేయించుకోవాలి. కానీ తనిఖీ మాట ఎత్తగానే అమ్మేవాడు ఏమంటాడన్నది నా దృష్టిలో సగం రిపోర్టు. వద్దన్నవాడి దగ్గర కొనకూడదు. ధర ఎంత తగ్గించినా సరే.

మన దగ్గర కూడా పాత స్పోర్ట్స్ కార్ల బేరాలు జరుగుతున్నాయి. 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కార్లు వరద నీళ్లలో నానాయి. బీమా కంపెనీలు పూర్తి నష్టంగా లెక్కగట్టిన కార్లు వేలానికి వెళ్తాయి. కొన్ని బాగుపడి మళ్లీ రోడ్డెక్కుతాయి. కాబట్టి హైదరాబాద్‌లో కొన్నా, హ్యూస్టన్‌లో కొన్నా మెకానిక్‌ను మీరే ఎంచుకోండి, ఫీజు మీరే కట్టండి, రిపోర్టు మీ పేరు మీదే తీసుకోండి. ఆ రిపోర్టు చేతికొచ్చేదాకా ఆర్సీ మీదగానీ, చెక్కు మీదగానీ సంతకం పెట్టకండి.